నేను చదవని తొమ్మిదో తరగతి

నా సర్టిఫికెట్ల ఫైల్లో, పదో తరగతి మెమోకూ ఇంటర్ మెమోకూ మధ్య, ఒక స్టాంపు కాయితం జిరాక్సు ఉంది. మడతల దగ్గర అక్షరాలు తేలిపోయాయి గానీ మా నాన్న దస్తూరీ ఇప్పటికీ చదవొచ్చు. నా కుమార్తె 1992-93 విద్యా సంవత్సరంలో ఏ పాఠశాలలోనూ చేరి చదవలేదు అని ఆయన ప్రమాణం చేసి రాసిన కాయితం అది.

ఆ కాయితం పుణ్యమా అని నాకు ఇంజనీరింగ్‌లో సీటొచ్చింది. అందులో ఉన్నది అబద్ధం. ఆ ఏడాది నేను బడికి వెళ్ళాను. ఇంకా చెప్పాలంటే, నా మొత్తం చదువులో బడికి పరిగెత్తుకుంటూ వెళ్ళింది ఆ ఒక్క ఏడాదే.

మాది కర్నూలు. నాన్న అక్కడ ఒక చిన్న ప్రెస్సులో ప్రూఫులు దిద్దేవాడు. పెళ్ళి కార్డులు, కరపత్రాలు, బిల్లు పుస్తకాలు. ఆ ప్రెస్సు మూతబడే స్థితికి వచ్చేసరికి హైదరాబాదులో, కాచిగూడ దగ్గర ఒక పెద్ద ప్రెస్సులో పని చూసుకున్నాడు. 1992 సంక్రాంతి వెళ్ళగానే అమ్మనూ తమ్ముణ్ణీ తీసుకుని వచ్చేశాడు. ఎనిమిదో తరగతి మధ్యలో పాడవకూడదని నన్ను మాత్రం పరీక్షలయ్యేదాకా అవ్వ దగ్గర ఉంచారు. ఆ నాలుగు నెలలకు తర్వాత ఎంత విలువ వస్తుందో అప్పుడు మాకేం తెలుసు.

అంబర్‌పేటలో ఛే నంబరు స్టాపు దగ్గర రెండు గదుల పోర్షన్ మాది. ఛే అంటే ఆరు అని నాకు తెలియడానికి వారం పట్టింది. కండక్టరు "ఛే నంబర్, ఛే నంబర్" అని అరుస్తుంటే అదేదో ఊరి పేరనుకుని రెండుసార్లు దిగకుండా ముందుకెళ్ళిపోయాను.

ఇంటికి రెండు వీధుల అవతల బడి. పేరులో కాన్వెంటు అని ఉండేది గానీ చెప్పేది తెలుగు మీడియం. రేకుల షెడ్డులో తడికలు అడ్డం పెట్టి క్లాసులు చేశారు. ఎనిమిదో తరగతి వాళ్ళు పద్యం అప్పజెబుతుంటే తొమ్మిదో తరగతి వాళ్ళకూ వచ్చేసేది. ఏడో తరగతి వరకే గుర్తింపు ఉన్న బడి అని మాకెవరూ చెప్పలేదు. అడగాలని మాకూ తోచలేదు. నెలకు ఫీజు తక్కువ, ఇంటికి దగ్గర. ఆడపిల్ల రోడ్డు దాటాల్సిన పని లేదు. అమ్మ లెక్క అంతవరకే.

అక్కడ లెక్కల సారు ఉండేవాడు. నల్గొండ వైపు మనిషి. ఉస్మానియాలో బీఎస్సీ, ఆ తర్వాత బీఎడ్ చేసి, డీఎస్సీ ఎప్పుడు పడుతుందా అని చూస్తూ మా రేకుల కింద చెప్పేవాడు. పాతికేళ్ళు కూడా ఉండేవి కావేమో. సైకిల్ మీద వచ్చేవాడు, ప్యాంటు కాలుకు క్లిప్పు పెట్టుకుని. ఆ క్లిప్పు తీయడం మర్చిపోయి సాయంత్రం దాకా అలాగే పాఠం చెప్పేవాడు.

వానాకాలం వస్తే ఆ రేకుల మీద చప్పుడుకు ఎవరి గొంతూ ఎవరికీ వినిపించేది కాదు. సోషల్ మేడమ్ పుస్తకం మూసేసి కూర్చునేది. లెక్కల సారు మాత్రం నోరు విప్పకుండా బోర్డు మీద రాసుకుంటూ పోయేవాడు. ఒక గీత గీసి మా వైపు చూసేవాడు. కళ్ళెగరేసి ‘తర్వాత?’ అని అడిగేవాడు. మాలో ఒకరు లేచి వెళ్ళి తర్వాతి గీత గీయాలి. తప్పయితే తల అడ్డంగా ఊపేవాడు. వృత్తలేఖిని, కోణమానిని, సమద్విబాహు త్రిభుజం, అన్నీ ఒక్క మాట లేకుండా నేర్చుకున్నాం. ఇప్పటికీ రేకుల మీద వాన పడితే నాకు జామెట్రీ గుర్తొస్తుంది.

వాన లేని రోజున ఆయన నోట్లో ఒకటే మాట. "ఎందుకు?" జవాబు సరిగ్గా చెప్పినా కూర్చోనిచ్చేవాడు కాదు. "వచ్చింది మంచిదే. ఎందుకొచ్చింది?" అనేవాడు. చెప్పలేకపోతే రేపు చెప్పమని వదిలేసేవాడు. కొట్టడం ఎరగడు. రేపు మళ్ళీ అడగడం మాత్రం మర్చిపోడు.

ఒక ఆదివారం మమ్మల్ని పదిహేను మందిని నడిపించుకుంటూ యూనివర్సిటీకి తీసుకెళ్ళాడు. ఆర్ట్స్ కాలేజీ ముందు నిలబెట్టి, నీడలు కొలిచి ఆ పెద్ద కమాను ఎత్తు కనుక్కోమన్నాడు. సరూప త్రిభుజాల పాఠం. ఒక బద్ద, దాని నీడ, భవనం నీడ. కొలిచే లోపల సూర్యుడు జరిగాడు, మేమూ జరిగాం. ఒక్కొక్కరికి ఒక్కో ఎత్తు వచ్చింది. నా లెక్క ప్రకారమైతే ఆర్ట్స్ కాలేజీ మా ఇంటి కన్నా కొంచెమే పొడుగు. ఆయన నవ్వి, మెట్ల మీద కూర్చోబెట్టి కథ చెప్పాడు. ఈ యూనివర్సిటీ 1918లో మొదలైందనీ, ఈ భవనం 1939లో తెరిచారనీ, అప్పట్లో ఇక్కడ లెక్కలూ సైన్సూ మాత్రమే కాదు డాక్టరు చదువు కూడా ఉర్దూలోనే చెప్పేవాళ్ళనీ, అందుకోసం పుస్తకాలు తర్జుమా చేయడానికి ప్రత్యేకంగా ఒక శాఖే పెట్టారనీ. "ఇంట్ల మాట్లాడే భాషల చదివితే ఎందుకు అని అడగబుద్ధయితది" అన్నాడు. మా ఇళ్ళల్లో ఉర్దూ లేదు కదా సార్ అని ఒకడు అడిగాడు. ఆయన కాసేపు ఆలోచించి, "అది కూడా మంచి ప్రశ్ననే" అన్నాడు.

మళ్ళీ వేసవికి ఆ బడి లేదు. స్థలం వాళ్ళు ఖాళీ చేయించారు. కరస్పాండెంటు మా కర్నూలు టీసీలు మాకు తిరిగి ఇచ్చేశాడు. నాన్న నన్ను ఒక ఎయిడెడ్ హైస్కూలుకు తీసుకెళ్తే, హెడ్‌మాస్టరు గారు ఒక పరీక్ష పెట్టి, బాగానే రాసిందే అని పదో తరగతిలో చేర్చుకున్నారు. రిజిస్టర్లో వెనకటి చదువు అన్న గడిలో ‘ఎనిమిదవ తరగతి, కర్నూలు’ అని రాశారు. ఆ మధ్యలో ఒక ఏడాది ఖాళీ ఉందని ఎవరూ పట్టించుకోలేదు. ఎంత మంచి హెడ్‌మాస్టరు అని ఇంటికొచ్చి సంబరపడ్డాం కూడా.

ఇంటర్ గురించి పెద్దగా చెప్పాలనిపించదు. చెప్పుల దుకాణం పైన రెండు అంతస్తుల్లో మా కాలేజీ. పొద్దున ఆరున్నరకు వెళ్తే రాత్రి ఎనిమిదికి ఇల్లు. వారం వారం పరీక్ష, దాన్ని బట్టి బ్యాచ్. ‘ఎ’ బ్యాచ్‌లో ఉంటే ఫ్యాను కింద బెంచీ, పేరున్న లెక్చరర్లు. సీ బ్యాచ్‌కు జారితే మెట్ల పక్క గది. నేను మొదటి మూడు నెలలూ మెట్ల పక్కనే ఉన్నాను. కారణం, ఒక్కసారిగా అంతా ఇంగ్లీషు అయింది. ద్రవ్యవేగం నాకు తెలుసు, మొమెంటమ్ తెలియదు. ప్రస్తారాలు చేయగలను, పెర్ముటేషన్స్ అంటే బిక్కమొహం. నాన్న హిమాయత్‌నగర్ వెళ్ళి తెలుగు అకాడమీ పుస్తకాలు తెచ్చిచ్చాడు. రాత్రిపూట రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టుకుని, మాటకు మాట రాసుకుని, నాకు నేనే ఒక తర్జుమా శాఖ పెట్టుకున్నాను.

ఒకసారి పాత అలవాటు కొద్దీ లేచి ఎందుకు సార్ అని అడిగాను. లెక్చరర్ గారు చాక్‌పీసు ఆపి, కోపం లేకుండానే అన్నారు. "ఎంసెట్లో ఎందుకు అని అడగరమ్మా. ఎంత అని అడుగుతారు." క్లాసంతా నవ్వింది. ఆయన తప్పేం లేదు. నిమిషానికో బిట్టు చేయాల్సిన పరీక్షకు తయారుచేసేవాడు ఇంకేం చెబుతాడు? నేనూ అడగడం మానేశాను. అక్టోబరుకల్లా ఫ్యాను కిందికి వచ్చాను.

ఆ రోజుల్లో మా చుట్టుపక్కలంతా ఇదే గాలి. నల్లకుంటలో చుక్కా రామయ్య గారి దగ్గర ఐఐటీ కోచింగ్‌లో చేరాలంటే ముందు ఒక ప్రవేశ పరీక్ష రాయాలి. ఆ పరీక్షకు మళ్ళీ కోచింగులు. మా ఇంటివాళ్ళ అబ్బాయి ఆ కోచింగ్‌కు వెళ్ళడానికి తెల్లవారుజామున మూడున్నరకు స్కూటర్ స్టార్ట్ చేస్తే వీధి వీధంతా లేచేది. మా కాలేజీ మేడ మీద లాంగ్ టర్మ్ వాళ్ళు ఉండేవాళ్ళు. మాతో మాట్లాడేవాళ్ళు కాదు. సూర్యాపేట అక్క ఒకామె మూడోసారి రాస్తోంది. మెట్ల మీద ఎదురైతే పక్కకు తప్పుకుని దారిచ్చేది, మేమేదో ఆమె కన్నా పెద్దవాళ్ళమైనట్టు. ఆమె చివరికి ఏమైందో నాకు తెలియదు.

నాన్న పనిచేసే ప్రెస్సు వేసేది కూడా ఇవే పుస్తకాలు. ఇంటర్ గైడ్లు, ఎంసెట్ బిట్ బ్యాంకులు. ఆయనకు ఫిజిక్స్ రాదు. కానీ ప్రూఫులు దిద్దీ దిద్దీ జవాబుల వరస నోటికి వచ్చేసేది. అన్నం తింటూ "నూట పన్నెండు సి, నూట పదమూడు ఎ" అని గొణిగేవాడు. ఒకసారి జవాబుల పట్టికలో డి బదులు బి పడిందని పట్టుకున్నాడు. వివరణలో ఒక అంకె ఉంది, పట్టికలో ఇంకో అక్షరం ఉంది. అప్పటికే ఒక ఫారం అచ్చయిపోయింది. యజమాని పోనీ లెమ్మన్నాడట. నాన్న ఆ రాత్రి ఇంటికి రాలేదు. వెయ్యి కాపీల్లోనూ చేత్తో దిద్దాడు. "పిల్లోళ్ళు తప్పునే బట్టీ కొడతారు కదా" అన్నాడు పొద్దున వచ్చి. అచ్చులో తప్పు పోతే అన్నం సయించని మనిషి ఆయన. హోటల్లో కూర్చుంటే మెనూ కార్డులో తప్పులు లెక్కపెట్టేవాడు. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, అలాంటి మనిషి చేత నా చదువు ఏం రాయించిందో తెలియాలని.

1996 ఎంసెట్ రాశాను. ప్రశ్నపత్రంలో ఇంగ్లీషు పక్కనే తెలుగు కూడా ఉండేది. అక్కడక్కడా నా తెలుగే నన్ను ఆదుకుంది. ఫలితాల రోజు మాకు ఫోన్ లేదు. కిరాణా కొట్టు వాళ్ళది పీపీ నంబరు. నాన్న స్నేహితుడు ఒక పత్రిక ఆఫీసు నుంచి నంబరు చూసి అక్కడికి ఫోన్ చేశాడు. కొట్టాయన కాటా మీద బెల్లం అలాగే వదిలేసి మా ఇంటికి పరిగెత్తుకొచ్చాడు. ర్యాంకు వెయ్యి దాటింది, రెండు వేలకు ఇవతలే ఉంది. ఉస్మానియా ఇంజనీరింగ్ కాలేజీలో ఏదో ఒక బ్రాంచి తప్పకుండా వస్తుందని అందరూ అన్నారు. అమ్మ ఆ బెల్లమే కొనుక్కొచ్చి పాయసం చేసింది.

కౌన్సెలింగ్‌కు తేవాల్సిన కాయితాల పట్టిక వచ్చింది. అందులో ఒక వరస: ఆరో తరగతి నుంచి ఇంటర్ రెండో సంవత్సరం దాకా, ఏడేళ్ళ స్టడీ సర్టిఫికెట్లు.

ఇప్పటి పిల్లలకు ఇది కొంచెం చెప్పాలి. 1969లో తెలంగాణ ఉద్యమం, 1972లో జై ఆంధ్ర ఉద్యమం. ఆ తర్వాత 1973లో ఆరు సూత్రాల పథకం వచ్చింది. దాన్ని అనుసరించి 1974లో చదువుల మీద రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చింది. రాష్ట్రాన్ని మూడు యూనివర్సిటీ ప్రాంతాలు చేశారు: తెలంగాణకు ఉస్మానియా, కోస్తాకు ఆంధ్రా, రాయలసీమకూ నెల్లూరుకూ వెంకటేశ్వర. ఒక్కో ప్రాంతంలో నూటికి 85 సీట్లు అక్కడి లోకల్ వాళ్ళకు. మిగతా 15కు అందరూ పోటీ. లోకల్ ఎవరంటే, ఇంటర్‌తో ముగిసేలా వరసగా నాలుగేళ్ళు ఆ ప్రాంతంలో చదివినవాళ్ళు. అది కుదరకపోతే, వరసగా ఏడేళ్ళ చదువులో ఎక్కువ కాలం ఎక్కడ చదివితే అక్కడివాళ్ళు.

ఆ రూలు తప్పని నేను అనను. దాని వెనక ఎంత చరిత్ర ఉందో, ఎంతమంది పిల్లలు రోడ్డు మీదికి వచ్చారో హైదరాబాదులో బతికిన ఎవరికైనా తెలుసు. నా గొడవ రూలుతో కాదు, నా లెక్కతో. ఆరు, ఏడు, ఎనిమిది కర్నూలు. పది, ఇంటర్ రెండేళ్ళు హైదరాబాదు. అటు మూడు, ఇటు మూడు. మధ్యలో తొమ్మిది. ఆ తొమ్మిదికి కాయితం లేకపోతే నాలుగేళ్ళ వరసా తెగింది, ఏడేళ్ళ వరసా తెగింది. అంటే నేను తెలంగాణకు లోకల్ కాను, పుట్టి పెరిగిన రాయలసీమకూ లోకల్ కాను. పదిహేడేళ్ళ పిల్ల, రెండు ప్రాంతాల్లో బతికి, ఎక్కడిదీ కాకుండా పోయింది.

నాన్నా నేనూ బడి ఉన్న చోటికి వెళ్ళాం. అక్కడ టెంట్ హౌస్ సామాన్లు పెట్టారు. షామియానాలు, కుర్చీలు. మా బోర్డు మాత్రం గోడకే ఉంది, దాని మీద చాక్‌పీసుతో కుర్చీల లెక్క రాసుకున్నారు. కరస్పాండెంటు రామంతాపూర్‌లో ఎస్టీడీ బూత్ పెట్టుకున్నాడని తెలిసి అక్కడికి వెళ్ళాం. చాలా సంతోషించాడు. "మన పిల్లకు ఇంజనీరింగా!" అని థమ్స్ అప్ తెప్పించాడు. రబ్బరు స్టాంపు ఇంకా దాచుకున్నాడు. పాత లెటర్‌హెడ్ తీసి, నేను 1992-93లో తొమ్మిదో తరగతి చదివి మొదటి స్థానంలో పాసయ్యానని నిండుగా రాసి, స్టాంపు గట్టిగా కొట్టి ఇచ్చాడు. మొదటి స్థానం అని రాయమని మేం అడగలేదు.

దానికి జిరాక్సులు తీసి, మిగతా వాటితో కలిపి గెజిటెడ్ సంతకం పెట్టించాలి. మాకు తెలిసిన గెజిటెడ్ ఆఫీసరు ఒక్క పశువుల డాక్టరు గారే. బల్ల ముందు ఒక మేక, దాని వెనక ఒక కుక్క, ఆ వెనక నేను. ఆయన మేకకు సూది వేసి, చేతులు కడుక్కుని, పచ్చ సిరాతో నా ఏడేళ్ళ చదువునూ నిజమని ధ్రువీకరించారు. నాన్న ఆ స్టాంపులో కూడా ఒక తప్పు కనిపెట్టాడు గానీ బయటికి వచ్చేదాకా చెప్పలేదు.

అంత చేశాక, ముందుగా ఒకసారి చూపించుకుందామని వెళ్తే, కాయితాలు చూసే పెద్దాయన కరస్పాండెంటు సర్టిఫికెట్‌ను పక్కన పెట్టేశాడు.

"గుర్తింపు నంబరేది సార్?"

నాన్న బడి ఏడో తరగతి వరకే గుర్తింపు పొందిందని చెప్పాడు. ఆ సంగతి కరస్పాండెంటు మాకు థమ్స్ అప్ తాగేటప్పుడు చెప్పాడు.

"అయితే ఈ బడిల తొమ్మిది లేదు. లేని క్లాసుల మీ పిల్ల ఎట్ల చదివింది?"

నాన్న దగ్గర దానికి జవాబు లేదు. నేను పక్కనుంచి "చదివాను సార్, ఫస్ట్ వచ్చాను" అన్నాను. ఆయన కళ్ళద్దాల పైనుంచి చూశాడు. చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే వెళ్ళమని ఊరుకునేవాడు. కాయితాలన్నీ మళ్ళీ ఒకసారి తిరగేసి, గొంతు తగ్గించి ఒక దారి చెప్పాడు. రూల్లోనే ఇంకో మాట ఉంది. ఆ నాలుగేళ్ళలో కొంత కాలం ఏ బడిలోనూ చదవకపోతే, పరీక్షకు ముందు నాలుగేళ్ళు ఈ ప్రాంతంలో నివాసం ఉంటే చాలు. ఎమ్మార్వో నివాస సర్టిఫికెట్ ఇస్తే లోకలే. "మీరు హైదరాబాద్ ఎప్పుడు వచ్చిండ్రు?"

"తొంభై రెండు జనవరి" అన్నాడు నాన్న.

"సరిపాయె. ఆ యేడు పిల్ల ఇంట్ల ఉన్నదని రాసియ్యిండ్రి. యాడ చదవలేదని."

గుర్తింపు లేని బడిలో చదివితే సీటు రాదు. అసలు చదవకపోతే వస్తుంది. నాకు ఆ క్షణం లెక్కల సారు గుర్తొచ్చాడు. ఎందుకు అని అడగాలనిపించింది. అడగలేదు. రెండేళ్ళ కోచింగ్ ఊరికే పోలేదు.

బయట ఇరానీ హోటల్లో నాన్న వన్ బై టూ చెప్పాడు. చాలాసేపు కప్పు వైపే చూస్తూ కూర్చున్నాడు. ఆయన బాధ రెండు రకాలు. నేను బడికి వెళ్ళలేదనడం ఒకటి. జనవరి నుంచి నేనూ ఇక్కడే ఉన్నట్టు చూపించడం రెండోది. నేను వచ్చింది వేసవిలో కదా. ఇంకో దారేమైనా ఉందా అని ఆలోచించాం. మేనమామ పేమెంట్ సీటు అన్నాడు. 1993లో సుప్రీంకోర్టు ఉన్నికృష్ణన్ కేసులో తీర్పిచ్చాక ప్రైవేటు కాలేజీల్లో సగం ఫ్రీ సీట్లు, సగం పేమెంట్ సీట్లు. క్యాపిటేషన్ పేరుతో అమ్ముకునే రోజుల కన్నా అది నయమే. అంతకు ముందు ఏడాదే ప్రైవేటు మెడికల్ కాలేజీల అనుమతుల గొడవలో ముఖ్యమంత్రి నేదురుమల్లి జనార్దనరెడ్డి పదవి పోయింది. ఆ వార్తలన్నీ నాన్న అక్షరం వదలకుండా చదివినవాడే. కానీ ప్రూఫ్ రీడర్ జీతానికి పేమెంట్ సీటు ఎక్కడ అందుతుంది? మేనమామ కూడా మాట అన్నాడే గానీ డబ్బు అనలేదు.

ఆషాఢ మాసం. బోనాల రోజులు. మా వీధిలో డప్పులు మోగుతున్నాయి. నాంపల్లి కోర్టు దగ్గర తెచ్చిన స్టాంపు కాయితం ముందు పెట్టుకుని నాన్న చాప మీద కూర్చున్నాడు. అక్కడి టైపిస్టు ఐదు నిమిషాల్లో కొట్టిస్తానంటే వద్దన్నాడట. "అబద్ధమైనా మన దస్తూరీలో ఉండాల" అన్నాడు. అది ఎలాంటి న్యాయమో నాకిప్పటికీ అర్థం కాలేదు. ముందు చిత్తు రాశాడు. ‘చదవలేదు’ దగ్గర కలం ఆగింది. ‘చదువుకొనుటకు వీలుపడలేదు’ అని మార్చాడు. మళ్ళీ కొట్టేసి చదవలేదనే రాశాడు. అమ్మ వంటింట్లోంచి, "రాయబ్బా, పిల్ల బతుకు" అంది. చివరికి సాఫు రాశాడు. ఒక్క కొట్టివేత లేదు.

మరునాడు నోటరీ సంతకం అయ్యాక జిరాక్సు తీయించి తెచ్చాడు. రాత్రి అన్నం తిన్నాక ఆ జిరాక్సును లైటు కింద పెట్టుకుని, ప్రెస్సులో ప్రూఫు చూసినట్టే, పెన్సిలు మొన ఒక్కో అక్షరం మీద ఆనిస్తూ చదివాడు. ఒకచోట ‘ప్రమాణ’లో ‘ణ’ బదులు ‘న’ పడింది. ఆయన జీవితంలో ఆయన చేసిన అచ్చుతప్పు నేను చూసింది అదొక్కటే. దాన్ని దిద్దాడు. ఇంకా కిందికి వచ్చి, ‘చదవలేదు’ దగ్గర ఆగి, చివరి రెండక్షరాల చుట్టూ సున్నా చుట్టి, పక్కన మార్జిన్‌లో తీసేయమనే గుర్తు పెట్టాడు. ఆ మెలిక తిరిగిన తోక గుర్తు.

"ఇది మన కాపీలే పాపా" అన్నాడు. "వాళ్ళది వాళ్ళకు అట్లే పోతాది."

నివాస సర్టిఫికెట్ కోసం ఎన్నిసార్లు తిరిగామో రాస్తే అదొక పుస్తకం అవుతుంది. రేషన్ కార్డు, ఇంటి అద్దె రసీదులు, వాకబుకు వచ్చినాయనకు అమ్మ చేసిన ఉగ్గాని. ఉగ్గాని తింటూ ఆయన నన్ను చూసి, "ఆ యేడాది ఇంట్ల ఏం చేసినవమ్మా?" అని మామూలుగానే అడిగాడు. నాకు నోట మాట రాలేదు. తమ్ముడు గభాలున "నాకు లెక్కలు చెప్పింది" అన్నాడు. వాడికి అప్పుడు పదేళ్ళు.

కౌన్సెలింగ్ రోజు వాన. అమ్మ కాయితాలన్నీ పాలిథిన్ కవర్లో పెట్టి, దాన్ని మళ్ళీ బియ్యం సంచిలో పెట్టి ఇచ్చింది. హాల్లో వందల మంది తండ్రులు, ప్రతివాడి ఒళ్ళో ఒక సంచి. ఏ బ్రాంచిలో ఎన్ని సీట్లున్నాయో చూపించే అంకెలు తగ్గుతూ ఉంటే హాలంతా ఒక్కసారిగా నిట్టూర్చేది. నా వంతు వచ్చేసరికి ఉస్మానియాలో సివిల్ ఉంది. పెద్దాయనే బల్ల దగ్గర ఉన్నాడు. స్టాంపు కాయితం చూసి, చదివి, తల ఊపి, ‘లోకల్’ అన్న చోట టిక్కు పెట్టాడు. మాతో మొదటిసారి మాట్లాడుతున్నట్టే ఉన్నాడు. నాన్న కూడా ఆయనకు అలాగే నమస్కారం పెట్టాడు.

ఇప్పుడు అంతా ఫోన్లోనే. వెబ్ ఆప్షన్లు, ఓటీపీలు. తెలంగాణలో 2023లో ఇంటర్ మార్కుల వెయిటేజీ తీసేశారు, 2024లో ఎంసెట్ పేరే ఈఏపీసెట్ అయింది. లోకల్ ప్రశ్న మాత్రం అలాగే ఉంది. 2024లో మెడికల్ సీట్ల దగ్గర, లోకల్ ఎవరో చెప్పే జీవో 33 మీద కోర్టు దాకా వెళ్ళారు. హైదరాబాదులోనే పుట్టి, ఇంటర్ మాత్రం విజయవాడలో చదివిన మా అపార్టుమెంటు పిల్లాడి తండ్రి, నేను ఇంజనీరింగ్ చదివానని తెలిసి, కాయితాల కట్టతో మా ఇంటికి వచ్చాడు. తొమ్మిది, పది, పదకొండు, పన్నెండు అని వేళ్ళ మీద లెక్కపెడుతున్నాడు. తొమ్మిది దగ్గర నేను ఆయన వేలు చూశాను. కాఫీ తీసుకోండి అని ఆయనకు సైగ చేయడం తప్ప నేను పెద్దగా ఏం సాయం చేయలేకపోయాను.

లెక్కల సారు నాకు మళ్ళీ కనిపించింది ఇంజనీరింగ్ మూడో ఏడాదిలో. ఆర్ట్స్ కాలేజీ రోడ్డు మీద సైకిల్ తోసుకుంటూ వస్తున్నాడు. ప్యాంటుకు క్లిప్పు అలాగే ఉంది. నేనే గుర్తుపట్టి పిలిచాను. డీఎస్సీలో ఉద్యోగం వచ్చిందట, నల్గొండ దగ్గర ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో. ఏదో సర్టిఫికెట్ పని మీద యూనివర్సిటీకి వచ్చాడు. ఇద్దరం ఆ మెట్ల మీదే కూర్చున్నాం. నాకు దాచుకోవాలనిపించలేదు. స్టాంపు కాయితం సంగతంతా చెప్పాను. మీ దగ్గర చదవలేదని రాసిచ్చాం సార్ అన్నాను.

ఆయనకు కోపం వస్తుందనుకున్నాను. ఆయన పడీ పడీ నవ్వాడు. క్లిప్పు తీసి జేబులో వేసుకుంటూ చెప్పాడు. ఉద్యోగానికి దరఖాస్తు పెట్టినప్పుడు పాత అనుభవం చూపిద్దామని ఆయనా కరస్పాండెంటు దగ్గర ఒక సర్టిఫికెట్ తెచ్చుకున్నాడట. గుర్తింపు లేని బడి అని అక్కడా పక్కన పెట్టారట. దాంతో 1992-93 ఎదురుగా ‘నిరుద్యోగి’ అని రాసిచ్చాడట.

"నువ్వు సదవలే, నేను చెప్పలే" అన్నాడు. ఎదురుగా ఆర్ట్స్ కాలేజీ నీడ మెట్ల మీదుగా మా కాళ్ళ దాకా వచ్చింది. ఆయన దాని వైపు కాసేపు చూసి, పాత అలవాటు ప్రకారం నా వైపు తిరిగి కళ్ళెగరేశాడు.

"మరి మనిద్దరం ఆ యేడాదంత ఎక్కడున్నట్టు?"